నేను ఏడ్చిన సీనుకి నా స్నేహితుడు నవ్వాడు, తప్పు ఎవరిది?

ట్రంకురోడ్డు
మూడు వారాలుగా నాకూ మావాడికీ మాటల్లేవు. ముప్పై ఏళ్ల స్నేహం. కావలిలో ఇంటర్ ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం. నాకు ట్రంకురోడ్డులో మందుల షాపు ఉంది. వాడిది రామాయపట్నం వైపు పట్టపుపాళెం, అంటే జాలర్ల ఊరు. సొంత ఫైబర్ బోటు, ఇప్పటికీ చేపల వేటకు పోతాడు. నెలకు రెండు సినిమాలన్నా కలిసి చూస్తాం, బయటికొచ్చి టీ కొట్టు దగ్గర గంటసేపు కొట్టుకుంటాం. అది మాకు అలవాటు, అందులో గొడవేమీ లేదు.

ఈసారి మాత్రం వేరే. సముద్రం మీద బతికేవాళ్ల కథ. పేరు చెప్పను, చెప్తే ఫ్యాన్స్ దిగుతారు. ఇంటర్వెల్ తర్వాత తుపాను వస్తుంది. కొడుకు సముద్రంలో ఇరుక్కుంటాడు. తల్లి ఒడ్డున దీపం పట్టుకుని రాత్రంతా నిలబడుతుంది. నాకు కన్నీళ్లు ఆగలేదు. మా నాన్న కువైట్‌లో డ్రైవరు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు నెల దాటినా కబురు లేదు. మా వీధిలో ఒక ఎస్‌టీడీ బూతు ఉండేది. లైన్లు లేవని వాళ్లు చెప్తున్నా మా అమ్మ రోజూ సాయంత్రం పోయి ఆ బూతులో స్టూలు మీద కూర్చునేది. షట్టరు దించేదాకా లేచేది కాదు. నాకప్పుడు పన్నెండేళ్లు. తెర మీద ఆ తల్లిని చూస్తుంటే నాకు స్టూలే కనపడింది.

సరిగ్గా అప్పుడు పక్కన మావాడు పైకే నవ్వాడు. ముందు వరస వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.

బయటికొచ్చి అడిగితే "అదంతా అబద్ధం రా, నడి సముద్రంలో విసురు వల వేస్తాడా ఎవడన్నా" అన్నాడు. "వల ముఖ్యమా, మనసు ముఖ్యమా" అన్నాను. "మాకు వలే మనసు" అని బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. టీ కూడా తాగలేదు.

వివరాలు తప్పైతే ఆ సినిమా చూసి వచ్చిన ఏడుపు కూడా తప్పేనా? మీరు చెప్పండి.

గూడూరు నిమ్మకాయ
తుపాను గాలికి ఆరని దీపమా! ఆ దీపం ఎక్కడ దొరుకుతుందో కనుక్కో అన్నా, మా ఊళ్లో చినుకు పడితే కరెంటు పోతుంది.

మైపాడు అల
మీ స్నేహితుడిదే కరెక్టు. నేనూ పట్టపోణ్ణే కాబట్టి చెప్తున్నా. విసురు వల కాలవలో, ఏటి మొగలో, మోకాటి లోతు నీళ్లలో వేస్తారు. సముద్రంలో బోటు మీంచి వేసేది వేరే వల, బారుగా వదులుకుంటూ పోతాం, కిందికి బరువులు, పైన తేలడానికి బెండ్లు. గంటల తరబడి ఆగి చేత్తో లాక్కుంటాం. అదే ఒడ్డు నుంచి లాగే అలివి వల అయితే ఊరంతా రెండు వైపులా తాడు పట్టాలి. ఈ మూడింటికీ తేడా తెలియనివాడు మా బతుకు తీస్తానంటే నవ్వు రాదా?

ఇంకోటి. ఆ సినిమా ఏదో నాకు అర్థమైంది. అందులో ఎండాకాలం తిరునాళ్ల జరుగుతుంటే అదే వారం వేటకు పోతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోటు దించితే కేసు. ఆ రెండు నెలలు మా ఇళ్లల్లో ఎట్టా గడుస్తుందో అదే ఒక సినిమాకు సరిపోయే కథ. అది తీయరు.

రంగనాయకులపేట
అన్నా, సినిమా సినిమానే. రూల్సు చూసుకుంటూ పోతే హీరో ఒక్కడే ఇరవై మందిని కొట్టడం కూడా తప్పే. టికెట్ కొన్నాం, ఎంజాయ్ చేశాం, అంతే. మనం అందరం లాజిక్కులు వెతికితే థియేటర్లు మూసుకోవాలి.

మైపాడు అల
@రంగనాయకులపేట ఇరవై మందిని కొట్టేది కల్పన అని అందరికీ తెలుసు తమ్ముడూ. మేం వల వేసేది మాత్రం నిజమే అనుకుంటారు జనం. తేడా అక్కడుంది.

దర్శి శారద
మైపాడు అల గారు చెప్పింది నిజం. మా వైపు కూడా అదే బాధ. తెలుగు సినిమాలో పల్లెటూరంటే కొబ్బరిచెట్లు, కాలవ, పచ్చని వరి. మా దర్శి, కనిగిరి, పొదిలి వైపు వచ్చి చూడండి. చెరువులో నీళ్లుండవు, బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడ్. నేను టీచర్‌ని. క్లాసులో పిల్లల్ని "మీ ఊరి బొమ్మ గీయండి" అంటే సగం మంది కొబ్బరిచెట్లు, పడవ గీస్తారు. మా ఊళ్లో పడవ ఏ కాలవలో పోతుంది? వేపచెట్టు, గొర్రెల మంద, పొగాకు బ్యారన్ ఎవరూ గీయరు. అవి బొమ్మకు పనికిరావని పిల్లలు అప్పుడే నేర్చుకున్నారు. నాకు అది చూస్తే చాలా కష్టంగా ఉంటుంది.

అయినా ట్రంకురోడ్డు గారి ఏడుపు తప్పని నేను అనను. 2023లో బలగం వచ్చింది కదా. అది తెలంగాణ పల్లె, ఆ యాస, ఆ పెట్టుపోతలు మావి కావు. మా అత్తగారికి సగం మాటలు అర్థం కాలేదు. కాకి పిండం ముట్టకపోతే ఇంట్లోవాళ్లు పడే టెన్షన్ మాత్రం ఆమెకు చెప్పక్కర్లేదు. మామగారు పోయినప్పుడు మేం డాబా మీద మధ్యాహ్నం రెండింటి దాకా నిలబడ్డాం. ఆ సినిమా చూసి ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. తనది కాని ఊరి కథకు ఆమె ఏడ్చింది తన భర్త కోసమే.

ట్రంకురోడ్డు
శారద గారు, నేను మావాడికి చెప్పలేకపోయింది ఇదే.

మైపాడు అల
ఆ సినిమాలో కాకి సంగతి తీసినాయనకు తెలుసు కాబట్టే మీ అత్తగారికి తగిలింది మేడమ్. తెలియనివాడు తీసుంటే ఆ కాకి కూడా మా విసురు వల లాగే ఉండేది.

ఒంగోలు కోడెగిత్త
ఇది పాయింటు. మా జిల్లావాళ్లనే తీసుకోండి. టి.కృష్ణ, మాదాల రంగారావు ఇద్దరూ ఒంగోలు చుట్టుపక్కల నుంచి, ప్రజానాట్యమండలి నాటకాల నుంచి పోయినవాళ్లు. టి.కృష్ణ 1983లో నేటి భారతం, 1985లో ప్రతిఘటన తీశాడు, 1986కల్లా పోయాడు. ఆ కొద్ది కాలంలోనే తీసినవి ఇన్నేళ్లయినా చెప్పుకుంటున్నాం. ఎందుకని? ఊళ్లల్లో చాపలు పరిచి, పెట్రోమాక్స్ లైట్ల కింద నాటకం వేసినవాడికి జనం ఎక్కడ కదులుతారో, ఎక్కడ లేచిపోతారో తెలుస్తుంది. ఏసీ రూములో కూర్చుంటే అది రాదు.

రంగనాయకులపేట
కోడెగిత్త అన్నా, నెల్లూరోళ్లేం తక్కువ? బాలు గారు మా నెల్లూరులోనే పుట్టారు.

ఒంగోలు కోడెగిత్త
బాలు పుట్టింది కోనేటమ్మపేటలో. ఊరు వేరు.

రంగనాయకులపేట
ఆయన ఇల్లు నెల్లూరు తిప్పరాజువారి వీధిలోనే ఉండేది కదా, పోనీ సగం మాకియ్యి.

గూడూరు నిమ్మకాయ
రమణారెడ్డిని మర్చిపోయారు. ఆయన మాట వింటే నెల్లూరు బస్టాండులో నిలబడినట్టు ఉంటుంది. మాయాబజార్‌లో చినమయగా ఆయన మాట్లాడుతుంటే మా తాత పక్కన కూర్చుని "మనోడు, మనోడు" అని మా తొడ మీద కొట్టేవాడు. అదీ రాక్షసుల రాజ్యంలో మనోడు! మరి ఆయన యాస కరెక్టా కాదా అని మా తాత చూడలేదే.

మైపాడు అల
యాస నిజమైంది కాబట్టే మీ తాత మనోడు అన్నాడు. నేను చెప్పేది కూడా అదే.

రీలుడబ్బా
ఇన్ని పోస్టులూ చదివాక నా అనుభవం చెప్పబుద్ధయింది. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

కందుకూరులో పదిహేడేళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశా. కార్బన్ కడ్డీల కాలం అది. రెండు కడ్డీల మధ్య నిప్పు వెలుగుతుంది, అవి అరిగేకొద్దీ దూరం సరిచేస్తుండాలి, ఏమరితే తెర మీద వెలుతురు పసుప్పచ్చగా దిగిపోతుంది, కింద నుంచి ఈలలు. రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూల ఒక చుక్క పడుతుంది. దానికి రెండో మిషను మోటారు వేయాలి. ఇంకో చుక్క పడగానే మార్చాలి. మీరు కథ చూసేవాళ్లు, మేం చుక్క చూసేవాళ్లం. ఒక్కో సినిమాకు ఒకటే ప్రింటు రెండు హాళ్లకు తిరిగేది. అక్కడ అయిన రీలు డబ్బాలో పెట్టుకుని కుర్రాడు సైకిలు మీద తెచ్చేవాడు. వాడి సైకిలు పంచరైతే మా హాల్లో ఇంటర్వెల్ అరగంట.

అయితే రోజూ నాలుగాటలు అదే సినిమా చూస్తే కథ మీద ధ్యాస పోతుంది, జనం మీదకు మళ్లుతుంది. కిటికీలోంచి బాల్కనీ కనపడదు గానీ వినపడుతుంది. నేల, బెంచీ బాగా కనపడతాయి. ఒకే సీనుకు పైన ఒక చప్పుడు, కింద ఒక చప్పుడు. మొదట్లో నేల వాళ్లకు సినిమా అర్థం కాదేమో అనుకునేవాణ్ణి. తప్పని ఒక రోజు తెలిసింది.

ఒక సినిమాలో తల్లి కొడుకు చదువు కోసం తాళి తాకట్టు పెడుతుంది. మెలోడీ, స్లోగా కెమెరా. బాల్కనీలో ముక్కులు చీదుకునే చప్పుడు. నేలలో ఒకామె లేచి "ఆ సేటు అంత ఇస్తాడా యాడన్నా, తూకంలోనే కొట్టేస్తాడు" అనింది. నేలంతా గొల్లుమంది. నాకు కోపమొచ్చింది, మంచి సీను పాడుచేసిందని. ఇంటర్వెల్లో సోడా కోసం కిందికి దిగితే ఆమె గోడకు ఆనుకుని పిల్లకు పాలిస్తా ఉంది. మెడలో ఉత్త పసుపు తాడు. నేలంతా నవ్వింది గానీ ఆమె మాత్రం నవ్వలేదు. తనకు తెలిసిన లెక్క చెప్పింది.

ట్రంకురోడ్డు గారు, మీ స్నేహితుడు నవ్వాడని రాశారు. ఎందుకు నవ్వాడో ఆయన్ని అడిగారా? వల సంగతి కాదు. ఆ దీపం సీను దగ్గరే ఎందుకు?

ట్రంకురోడ్డు
అడగలేదు సార్. నాకప్పుడు కోపం.

కృష్ణానగర్ నెల్లూరోడు
డైరెక్షన్ డిపార్టుమెంటులో పనిచేస్తున్నా, సొంతూరు కోవూరు దగ్గర. మా వైపు నుంచి కూడా ఒక మాట. తప్పులు తెలియక చేసేవి కొన్ని, తెలిసి చేసేవి ఎక్కువ. విసురు వల గాల్లో గుండ్రంగా విచ్చుకుంటుంది, ఎదురు వెలుతురులో నీటి చుక్కలతో సహా కనపడుతుంది. మైపాడు అన్న చెప్పిన వల అయితే బోటు పక్కనుంచి తాడు జారిపోతా ఉంటుంది, గంటసేపు అదే. దాన్ని మూడు సెకన్లలో ఎట్టా చూపించాలి? ఎడిటింగ్ టేబుల్ మీద పడేస్తారు. నేను ఒకసారి ఇట్లాంటి వివరమే గట్టిగా చెప్పా. "బాగుంది, నిజమే, కానీ మనకు టైమ్ లేదు" అన్నారు. షూటింగ్‌కు బోట్లు దొరికేది కూడా నిషేధం రోజుల్లోనే, అప్పుడే కదా ఖాళీగా ఉండేది. అందుకే మీకు ఎండాకాలపు ఆకాశం కింద వేట కనపడుతుంది.

సమర్థించడం లేదు. నాకూ సిగ్గుగానే ఉంటుంది. మా నాయన మోటార్లు బాగుచేసేవాడు, సినిమాలో హీరో స్పానర్‌తో ఇంజన్ కొట్టగానే స్టార్టవుతుంటే ఆయన లేచి నీళ్లు తాగడానికి పోయేవాడు.

మైపాడు అల
బోట్లు నిషేధంలోనే దొరుకుతాయన్న మాట నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా. కానీ తమ్ముడూ, మూడు సెకన్లు కాదు, మూడు నిమిషాలు చూపించమను. రాత్రి రెండింటికి చీకట్లో ముగ్గురు మనుషులు మాట్లాడకుండా వల లాగుతుంటే, చేప ఉందో లేదో బరువును బట్టి చేతులకు ముందే తెలుస్తుంటే, ఆ మొహాలు చూపిస్తే చాలు. హాలు ఊపిరి తీసుకోదు.

దర్శి శారద
ఇది చదువుతుంటేనే నాకు కనపడుతోంది.

గూడూరు నిమ్మకాయ
మైపాడు అన్నా, నువ్వే తీయరాదా? నెల్లూరు చేపల పులుసుతో ప్రొడక్షన్ భోజనాలు పెడితే యూనిట్ ఊరు వదిలి పోదు. మామిడికాయ ముక్కలు మరవొద్దు.

మైపాడు అల
ముందు రోజు చేసి పెట్టాలి. తెల్లారి తింటేనే అది పులుసు.

రంగనాయకులపేట
నేను మొదట సినిమా సినిమానే అన్నా కదా. రీలుడబ్బా గారి పోస్టు చదివాక అట్టా అనలేకపోతున్నా. మా అమ్మ నగలు రెండేళ్లు కుదవలో ఉండాయి. తూకం మాట నిజం.

ఒంగోలు కోడెగిత్త
ట్రంకురోడ్డు గారు కనపడటం లేదు నాలుగు రోజుల్నుంచి. ఏమైంది?

ట్రంకురోడ్డు
షాపు తమ్ముడికి అప్పజెప్పి నిన్న మావాడి ఊరు పోయొచ్చా. రీలుడబ్బా గారు అడిగిన ప్రశ్నకు నిద్ర పట్టలేదు.

నిషేధం రోజులు కదా, బోట్లన్నీ ఇసక మీదకు లాగి ఉన్నాయి. సరుగుడు చెట్ల నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. చిరిగిన చోట కాలి బొటనవేలికి వల తగిలించి బిగువుగా పట్టుకుని, సూదితో ఒక్కో కన్నూ అల్లుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, "కూర్చో" అన్నాడు. అరగంట ఇద్దరం ఏం మాట్లాడలేదు. ముప్పై ఏళ్లలో వాడు పనిచేస్తుంటే నేను పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ వాడే కావలి వస్తాడు. ఇది నాకు నిన్ననే తట్టింది.

అడిగా. దీపం దగ్గర ఎందుకు నవ్వావు అని.

"ఆ గాలికి దీపం నిలుస్తుందా రా" అన్నాడు ముందు. తర్వాత సూది పక్కన పెట్టాడు. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గరే తీరం దాటింది, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి వాళ్ల నాయన ఇంకా సముద్రంలోనే ఉన్నాడు. వాళ్లమ్మ ఒడ్డున నిలబడలేదు. నిలబడేంత తీరిక లేదు. ఇంటి దగ్గరున్న వల అప్పు మీద తెచ్చింది. అది కొట్టుకుపోతే సావుకారికి ఏం చెప్పాలి? ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఆ తడి వలని లాక్కుంటూ సరుగుడు తోపులోకి తీసుకుపోయి చెట్లకు కట్టారు. తర్వాత పిల్లల్ని ఎత్తుకుని బడి బిల్డింగులోకి పోయింది. గాలి తగ్గిన మరుసటి రోజు తడిసిన ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని కావలి వచ్చి అడిగిన రేటుకల్లా అమ్మింది. వాళ్ల నాయన కృష్ణపట్నం వైపు ఒడ్డు పట్టాడని అక్కడ బజార్లోనే ఎవరో చెప్పారంట. మిగిలిన చేపలు అమ్మేసే ఇంటికి వచ్చింది.

"మా అమ్మ ఏడవలేదని కాదురా. ఏడ్చింది. బుట్ట దించాక ఏడ్చింది. సినిమావాళ్లు బుట్ట తీసేసి చేతికి దీపం ఇచ్చారు. అందుకే నాకు ఆగలేదు. అది నవ్వు కూడా కాదు" అన్నాడు.

నేను ఎస్‌టీడీ బూతు, స్టూలు సంగతి చెప్పా. మా నాన్న అమ్మాన్ మీదుగా విమానంలో బొంబాయి చేరి అక్కణ్ణుంచి ఫోను చేసిన రోజు మా అమ్మ బూతు ఆయనకు ఇవ్వడానికి చిల్లర లేక చేతి గాజు తీయబోయింది, ఆయన వద్దన్నాడు. ఇది కూడా చెప్పా. మావాడు నా వంక అట్టాగే చూసి "ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పలేదే" అన్నాడు. వాడు మాత్రం చెప్పాడా? ఎన్ని సినిమాల గురించి వాదించుకున్నాం, ఈ రెండు సంగతులూ ఎప్పుడూ రాలేదు.

సినిమా విషయంలో ఒప్పుకోలేదు. అది చెత్తేనంటాడు. నా ఏడుపు నిజమేనంటా నేను. మధ్యాహ్నం వాళ్లమ్మ అన్నం పెట్టింది. ఇప్పుడు ఎనభై దగ్గర పడింది. సినిమాలో తల్లి దీపం పట్టుకుని నిలబడిందని చెప్తే "నూనె దండగ" అనింది.

మైపాడు అల
ఆమెకు నా దండం చెప్పండి అన్నా.

రీలుడబ్బా
మా హాల్లో నేల టికెట్‌లో కూర్చున్నామె మాట ఇదే తీరు. అదే గొంతు.

కృష్ణానగర్ నెల్లూరోడు
ట్రంకురోడ్డు అన్నా, తడి వలని చెట్లకు కట్టిన సంగతి నేను రాసుకోవచ్చా? వాళ్లని అడిగే రాస్తా. పేర్లు పెట్టను. వచ్చే వారం నెల్లూరు వస్తున్నా, వాళ్లు ఒప్పుకుంటే ఊరు తీసుకుపో.

ట్రంకురోడ్డు
అడిగి చెప్తా. మావాడు ఒక షరతు పెడతాడు, నాకు తెలుసు. విసురు వల ఉండకూడదు.

దర్శి శారద
బుట్ట ఉండాలి.

మైపాడు అల
బోట్లు జూన్ 14 దాకా ఖాళీ. మా ఊళ్లో రెండున్నాయి, అద్దె వద్దు. డీజిల్ పోయిస్తే చాలు.